పులి సరే, గిలి ఎక్కడిది?

అడవిలో పులి వుంది. జూలోనూ పులి వుంది. మరి గిలి ఎక్కడుందండీ? "అక్కడ పులీ లేదు, గిలీ లేదు, పడుకో" అని పిల్లల్ని జోకొట్టని తల్లి మన వైపు అరుదు. పులి లేదంటే పిల్లాడు నమ్ముతాడు. గిలి సంగతే వాడికి అనుమానం!

ఈ జంతువుని పుట్టించే పద్ధతి బహు సులువు. మొదటి అక్షరం తీసేయండి. అది పొట్టిదైతే "గి", పొడుగుదైతే "గీ" తగిలించండి. పిల్లీ గిల్లీ, కుక్కా గిక్కా, పామూ గీమూ, కోతీ గీతీ. ఏనుగంతటిది కూడా గీనుగు కావలసిందే. ఒక్క గిత్త మాత్రం తప్పించుకుంది. దాని పేరే "గి"తో మొదలాయె, ఇంకేం తగిలిస్తాం?

ఇది మనం ఒక్కళ్ళమే కనిపెట్టిన విద్య కాదు. తమిళుడికి పులీ కిలీ వుంది. కన్నడంలో పులి కాస్తా హులి అయింది గానీ, గిలి గిలిగానే మిగిలింది. తెలుగూ తమిళమూ ద్రావిడ కుటుంబంలో ఏనాడో వేరుపడ్డ శాఖలు. రెండిళ్ళలోనూ ఒకే చెంబు కనిపిస్తే అది తాతలనాటిదే అనుకోవాలి గదా! హిందీవాళ్ళు షేర్‌వేర్ అంటారు, బెంగాలీలు బాఘ్‌టాఘ్ అంటారు. అలవాటు ఒకటే, అక్షరం వేరు.

1930లలో నీలగిరుల్లో తోడా, కోటా భాషలు నేర్చుకున్న ఎమెనో పండితుడికి ఈ గిలి మీద మనసు పడింది. ద్రావిడ జానపద కథల్లో ఇలాటి జోడుమాట చుట్టూ తిరిగే కథలున్నాయని 1938లో ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. ఆ మాదిరి కథ మనం చెప్పుకుంటే ఇలా వుంటుంది: గుడిసెలో ముసలమ్మ "పులికీ గిలికీ నేను భయపడతానా?" అంటుంది. చూరు కింద నక్కిన పులి వింటుంది. "నేను సరే, ఈ గిలి ఎవరు చెప్మా? నాకన్నా పెద్దదేమో!" అని పరుగో పరుగు. తెలుగులో గిలి అంటే భయమనే అర్థం కూడా వుంది గనక, పులిది మరీ తప్పని అనలేం.

అయితే అన్ని జోడుమాటలూ ఈ అచ్చులో పోసినవి కావు. గొడ్డూ గోదా వుంది, పురుగూ పుట్రా వుంది. పుట్ర అని విడిగా ఎవరూ అనరు. కాని దాని పని గిలి పనికి సరిగ్గా ఎదురు. పులీ గిలీ భయం పోగొట్టడానికి, పురుగూ పుట్రా భయం పెట్టడానికి. మా బామ్మ దీపాలు పెట్టాక పాము పేరెత్తేది కాదు. పల్లెల్లో పాము కరిచినా "పురుగు ముట్టింది" అనేవారు. "పురుగూ పుట్రా వుంటుంది, లాంతరు పట్టుకెళ్ళు" అంటే పాము, తేలు, జెర్రి అన్నీ అందులోనే. ఏది కాటేస్తుందో తెలియదు గనక దేన్నీ వదలని మాట అది. ఎన్ని కాళ్ళను కాపాడిందో!

ఇప్పటి పిల్లలకి "గి" సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. ఫోనూ గీనూ, కంప్యూటరూ గింప్యూటరూ అని వాళ్ళే అనేస్తున్నారు. ఆ సూత్రానికి ఢోకా లేదు. పుట్రా, గోదా అలా కాదు. ఏ సూత్రం పట్టుకున్నా అవి రావు. ఒకరి నోట వింటేనే ఇంకొకరికి అబ్బుతాయి. చెప్పేవాళ్ళు ఒక్క తరం ఊరుకుంటే చాలు, పోయినట్టే.

కాబట్టి మీ మనవడు చీకట్లో చెప్పుల్లేకుండా పెరట్లోకి దిగుతుంటే "పాములుంటాయిరా" అని ఊరుకోకండి. "పురుగూ పుట్రా వుంటుందిరా!" అనండి. పుట్ర అంటే ఏమిటని అడుగుతాడు. అడగనివ్వండి. ఈలోగా చెప్పులు తొడుక్కుంటాడు.