1962 ఆసియా క్రీడల ఫుట్‌బాల్

ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన నాలుగో ఆసియా క్రీడల్లో పురుషుల ఫుట్‌బాల్ స్వర్ణాన్ని భారత్ గెలుచుకుంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇది రెండోది, ఇప్పటికి చివరిది కూడా.

గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినా థాయిలాండ్, జపాన్‌లపై నెగ్గి, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటింది. థాయిలాండ్ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా దించడం సాహసమే. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో స్టేడియమంతా భారత జట్టుకు వ్యతిరేకమైంది. సెప్టెంబరు 4న ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ గోల్స్‌తో అదే కొరియాపై 2-1తో గెలిచింది. కెప్టెన్ చునీ గోస్వామి. క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి ఏడాది కన్నుమూశాడు.