మాంగాకి బడి దొరికింది, చందమామకి సర్వర్ దొరికింది

ఆన్‌సైట్ మీద జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు బుల్లెట్ రైలు గురించీ ఫ్యూజీ కొండ గురించీ తెగ చెప్తారు. ఈసారి ఎవరైనా వెళ్తే క్యోటోలో ఓ పాత ఎలిమెంటరీ స్కూలు కూడా చూసి రండి. 1995లో మూతపడిన తత్సుయికే బడి అది. 2006 నవంబర్లో దాన్ని క్యోటో అంతర్జాతీయ మాంగా మ్యూజియంగా మార్చారు. బిల్డింగు ఊరిది, నడిపేది క్యోటో సెయికా యూనివర్సిటీ.

లోపల పుస్తకాలూ, పత్రికలూ అన్నీ కలిపి సుమారు 3 లక్షలు. అందులో 50 వేల పుస్తకాలు 200 మీటర్ల పొడుగు అరల్లో జనం చేతికందేలా పెట్టారు. టిక్కెట్టు కొన్నాక నచ్చిన పుస్తకం తీసుకుని, బయట పచ్చికలో పడుకుని చదువుకున్నా ఎవరూ ఏమీ అనరు. అరుదైన వాటిని మాత్రం విడిగా దాచి పరిశోధకులకి చూపిస్తారు.

మొదట్నించీ మాంగాకి ఇంత మర్యాదేం లేదు. యుద్ధం తర్వాత చాలామంది పిల్లలకి అది దొరికింది అద్దె పుస్తకాల షాపుల్లోనే, అచ్చం మన సందు చివర డిటెక్టివ్ నవలల్లాగా. 1955 ప్రాంతంలో అక్కడి తల్లులూ పంతుళ్ళూ "పిల్లలు చెడిపోతున్నారు" అని పెద్ద ఉద్యమమే నడిపారు. అలా తిట్లు తిన్న పుస్తకాలకే చివరికి బడిలో చోటు దొరికింది!

మరి మన సంగతి? చందమామ అచ్చంగా కామిక్ కాకపోవచ్చు గానీ, బొమ్మలు లేని చందమామని ఊహించగలమా? 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలెట్టారు. చిత్రా, వపా, శంకర్ బొమ్మలు చూస్తూ మూడు తరాలు పెరిగాయి. 1998లో ఓసారి ఆగి, మళ్ళీ లేచింది. 2007లో జియోడెసిక్ అనే ముంబై సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొన్నది. పాత సంచికలు నెట్లోకొచ్చాయి. ఇంకేం, సాఫ్ట్‌వేర్‌వాళ్ళ చేతిలో పడింది కదా, ఇక భయం లేదనిపించింది. తీరా ఆ కంపెనీయే అప్పుల్లో మునిగింది. పత్రిక ఆగిపోయింది, తర్వాత వెబ్‌సైటూ పోయింది.

బ్యాకప్ అనే మాట రోజుకి పదిసార్లు వాడే మనకి ఇందులో పాఠం వేరే చెప్పాలా? అన్నీ ఒకే చోట పెడితే, ఆ ఒక్కటీ పోయిన రోజున అన్నీ పోతాయి. ఈరోజు పాత చందమామలు చదవగలుగుతున్నామంటే అది అభిమానులు ఓపిగ్గా స్కాన్ చేసి దాచిన పీడీఎఫ్‌ల పుణ్యమే.

2013 నుంచి హైదరాబాద్‌లోనూ కామిక్ కాన్ జరుగుతోంది. నరుటో వేషాల్లో వచ్చే కుర్రాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ళకి బుజ్జాయి గారి డుంబునీ, బాపు బుడుగునీ, శంకర్ గీసిన బేతాళుణ్ణీ ఒకే కప్పు కింద చూపించే చోటు మాత్రం మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా వెతికినా లేదు. ఇన్ని అద్దాల మేడలున్న చోట ఒక్క అంతస్తు చాలు కదా!

అది వచ్చేదాకా ఓ చిన్న పని చేద్దాం. పండక్కి ఊరెళ్ళినప్పుడు అటక మీద పాత సంచికలు కనబడితే తూకానికి వెయ్యనివ్వకండి. రేపు ఎవరైనా మ్యూజియం పెట్టాలన్నా, అందులో పెట్టడానికి పుస్తకాలుండాలిగా.