వాంకూవర్ మెట్టు మీద నిమ్మల కుర్రాడు

కైకలూరు, మండవల్లి, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువు చేసే రైతు ఎవరూ అప్పుడే పుట్టిన పిల్లను తెచ్చి నేరుగా పెద్ద చెరువులో వదలరు. బొచ్చె అయినా, శీలావతి అయినా ముందు నర్సరీ చెరువులో పెరగాలి. వేలెడంత అయ్యాక ఇంకో చెరువుకు మారాలి. అక్కడ ఒత్తుగా వదిలి, మేత తగ్గించి, ఏడాదిపాటు కావాలనే ఎదుగుదలను ఆపి ఉంచుతారు. ఆ తర్వాత పెద్ద నీళ్లలోకి దించితే ఆగిన ఎదుగుదలంతా కొద్ది నెలల్లోనే అందుకుంటుంది. కొల్లేరు రైతుకు ఈ ఓపిక నేర్పింది నష్టాలే.

అమెరికా బేస్‌బాల్ ఇదే పని నూరేళ్లుగా మనుషులతో చేస్తోంది. ఆ వరుస చెరువుల్లో ఇప్పుడు తెలుగు ఇంటిపేరున్న కుర్రాడొకడు ఉన్నాడు. పేరు అర్జున్ నిమ్మల. 2005 అక్టోబరులో పుట్టాడు. భారతదేశం నుంచి వెళ్లి ఫ్లోరిడాలో స్థిరపడిన దంపతుల కొడుకు. అక్కడి స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్లో చదువుతూ ఆడాడు. 2023 జులైలో, జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో టొరంటో బ్లూ జేస్ జట్టు అతన్ని మొదటి రౌండ్లోనే, మొత్తం మీద 20వ ఆటగాడిగా ఎంచుకుంది. అప్పటికి అతనికి 17 ఏళ్లు. 30 లక్షల డాలర్లకు ఒప్పందం కుదిరింది.

నిమ్మల అన్న ఇంటిపేరు గోదావరి జిల్లాల పాఠకులకు కొత్త కాదు. పాలకొల్లు ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడి పేరు రోజూ వింటున్నదే. చుట్టరికం కలపడానికి ఈ మాట అనడం లేదు. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు కొల్లలు. ఆ ఇళ్ల మనవలు అక్కడ ఏ ఆట ఆడుతున్నారో, ఆ ఆటలో పైకి రావడమంటే ఏమిటో తాతలకూ అమ్మమ్మలకూ తెలియాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ ఆట పిల్లల్ని పెంచే తీరులో మన ఊళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది.

క్రికెట్‌లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు బాగా ఆడితే రేపే ఐపీఎల్‌లో కనిపించవచ్చు. బేస్‌బాల్‌లో అలా కాదు. మేజర్ లీగ్‌లో 30 జట్లు ఉంటే వాటి కింద అమెరికా, కెనడాల్లో 120 చిన్న జట్లు ఉన్నాయి. ఒక్కో పెద్ద జట్టుకు నాలుగు మెట్లు: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. వాటికీ కింద ఫ్లోరిడాలో, అరిజోనాలో ప్రేక్షకులు పెద్దగా ఉండని శిక్షణ లీగ్, డొమినికన్ రిపబ్లిక్‌లో వేసవి లీగ్. కుర్రాడు ఏ మెట్టు మీద ఉండాలో నిర్ణయించేది ప్రధానంగా అతని ఆటే. బాస్కెట్‌బాల్ దేవుడు మైకేల్ జోర్డాన్ 1994లో సరదా కొద్దీ కాదు, మనసు పెట్టి బేస్‌బాల్ ఆడదామని వస్తే అతన్ని కూడా డబుల్-ఏలో బర్మింగ్‌హామ్ బారన్స్ జట్టుకే పంపారు. అక్కడి నుంచి పైకి వెళ్లలేకపోయాడు.

ఈ ఏర్పాటుకు ఆద్యుడు బ్రాంచ్ రికీ. 1917లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ బాధ్యత చేపట్టేనాటికి ఆ జట్టు దగ్గర డబ్బు లేదు. రికీ ఏ పల్లెలోనో మంచి కుర్రాణ్ని కనిపెట్టేవాడు. ఆ కబురు తెలియగానే న్యూయార్క్ లాంటి చోట్ల ఉన్న ధనిక జట్లు ఎక్కువ సొమ్ము పెట్టి ఎగరేసుకుపోయేవి. కొనలేనివాడు పండించుకోవాలి కదా! అందుకని ఫోర్ట్ స్మిత్, హ్యూస్టన్ లాంటి ఊళ్ల చిన్న జట్లలో వాటాలు కొని, అక్కడే తన కుర్రాళ్లను పెంచడం మొదలుపెట్టాడు. 1926లో కార్డినల్స్ మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. 1930ల చివరికి ఆ ఒక్క జట్టు చేతిలో ముప్పైకి పైగా చిన్న జట్లు, వందల మంది ఆటగాళ్లు ఉన్నారు.

వందల మందిని పోగేసినప్పుడు అన్యాయమూ వెంటే వచ్చింది. పైన ఖాళీ లేకపోయినా కుర్రాణ్ని వదలరు; ఇంకో జట్టుకు వెళ్లనివ్వరు. ఏళ్ల తరబడి కింది మెట్ల మీదే మగ్గినవారున్నారు. 1938లో బేస్‌బాల్ కమిషనర్ జడ్జి లాండిస్ కార్డినల్స్ పట్టులో ఉన్న డెబ్బై మందికి పైగా ఆటగాళ్లకు ఒక్క ఉత్తర్వుతో విముక్తి ఇచ్చాడు. అదే రికీ తర్వాత బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు మారి, నల్లజాతి ఆటగాళ్లకు మూసి ఉంచిన తలుపు తెరిచాడు. అక్కడ కూడా మెట్లనే నమ్ముకున్నాడు. జాకీ రాబిన్సన్‌ను ముందు 1946లో కెనడాలోని మాంట్రియల్ రాయల్స్ జట్టులో ఆడించాడు. ఆ ఏడాది రాబిన్సన్ ఆ లీగ్ బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ తరఫున మైదానంలోకి దిగాడు. ఆ ఒక్కరోజు వెనక మాంట్రియల్ ఏడాది ఉంది. రికీ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఇదే.

కింది మెట్ల జీవితం కష్టమైనదే. రాత్రంతా బస్సు ప్రయాణాలు, మొన్న మొన్నటిదాకా ఒకే గదిలో నలుగురైదుగురు, చాలీచాలని జీతాలు. సింగిల్-ఏ ఆటగాడికి ఏడాదికి దక్కే కనీస జీతం 11,000 డాలర్లుగా ఉన్న చోట, ఆటగాళ్లు సంఘంగా ఏర్పడి పోరాడాక 2023 ఒప్పందంతో 26,200 డాలర్లయింది. అంతకు ముందే పాత బకాయిల కేసులో మేజర్ లీగ్ 18.5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. ఇంతా చేసి, మెట్లెక్కడం మొదలుపెట్టిన వారిలో చాలామంది పైదాకా చేరనే చేరరు.

భారతదేశం నుంచి ఈ మెట్ల దగ్గరికి తొలుత వెళ్లినవారు 2008లో ఒక టీవీ పోటీ ద్వారా ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్. ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు, జావెలిన్ విసిరిన చేతులు. పోటీకి ముందు బేస్‌బాల్ ఎన్నడూ చూడనివాళ్లు ఆ ఏడాది చివర పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. 2009 జులైలో శిక్షణ లీగ్‌లో బంతి పట్టారు. పటేల్‌ను 2010లో వదిలేశారు. రింకూ ఇంకొన్నేళ్లు నిలిచి సింగిల్-ఏ దాకా వెళ్లి, గాయాలతో ఆగిపోయి, కుస్తీ వినోద రంగానికి మళ్లాడు. వారి మీద 2014లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కానీ సినిమాలో మెట్టు ఎక్కినంత తేలిగ్గా మైదానంలో ఎక్కలేం. పదేళ్ల వయసులో మొదలుపెట్టాల్సిన ఆటను ఇరవై ఏళ్లకు మొదలుపెట్టిన వాళ్లు అంత దూరం పోవడమే గొప్ప.

తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ కథ వేరు. 2019లో కాలేజీ పిల్లవాడిగా ఒకే మ్యాచ్‌లో 19 మందిని మూడు స్ట్రైకులతో అవుట్ చేసి, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో ఆటగాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండానే వదిలేసింది. మరుసటేడు టెక్సస్ రేంజర్స్ మూడో ఆటగాడిగా తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. మళ్లీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టి 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు.

ఇక అర్జున్. 2024లో ఫ్లోరిడాలోని డునీడిన్‌లో సింగిల్-ఏ జట్టుకు ఆడించారు. ఆ లీగ్‌లో అతి చిన్న వయసువారిలో ఒకడు. బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాడు గొప్ప బ్యాటరు. మొదటి నెలన్నరలో అర్జున్‌కు పదింట రెండు కూడా రాలేదు. బంతి తగలకుండా అవుటైన సందర్భాలూ చాలా ఉన్నాయి. 30 లక్షల డాలర్లు తెచ్చుకున్న పద్దెనిమిదేళ్ల పిల్లవాడు అలా ఆడితే మన దగ్గరైతే ఏమంటారో ఊహించవచ్చు. బ్లూ జేస్ వాళ్లు మేలో అతన్ని జట్టులోంచి తప్పించి శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లారు. శిక్ష అనలేదు, జట్టు నుంచి గెంటనూ లేదు. బ్యాటు ఊపే తీరును సరిచేసే పని పెట్టుకున్నారు. మధ్యలో శిక్షణ లీగ్ మ్యాచ్‌లు ఆడించారు. వేసవిలో తిరిగి డునీడిన్ వచ్చిన కుర్రాడు వేరు. ఏడాది ముగిసేసరికి ఆ జట్టు తరఫున 16 హోమ్‌రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు. దేశం మొత్తం మీద మెరుగైన వంద మంది కుర్రాళ్ల జాబితాల్లోకి పేరు ఎక్కింది. ఆ కొద్ది వారాలు అతన్ని ఆటకు దూరంగా ఉంచడానికి యాజమాన్యానికి ఎంత నిబ్బరం కావాలి! అర్జున్ కొట్టిన ఏ హోమ్‌రన్ కన్నా నన్ను ఆకట్టుకున్నది ఆ నిబ్బరమే.

2025లో హై-ఏ మెట్టు. కెనడాలోని వాంకూవర్ కెనేడియన్స్ జట్టు, 1951లో కట్టిన నాట్ బెయిలీ స్టేడియం. ఆరంభంలో మెరిశాడు; వేసవి ముదిరేకొద్దీ సగటు పడిపోయింది. 13 హోమ్‌రన్లతో ఏడాది ముగించాడు. పంతొమ్మిదేళ్లవాడు తనకన్నా రెండు మూడేళ్లు పెద్దవాళ్ల బౌలింగ్‌ను ఏడాది పొడుగునా ఎదుర్కొని నిలబడ్డాడు. ఆ పై మెట్టు డబుల్-ఏ. దాటగలడో లేదో ఇప్పుడే చెప్పేవాళ్లను నమ్మొద్దు.

వాంకూవర్‌లో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట ఏలూరులో మర్నాడు ఉదయం ఏడున్నర. తాతగారు కాఫీ తాగుతూ ఫోన్‌లో ఆ కుర్రాడు ఎదుర్కొన్న ప్రతి బంతి వివరమూ చూడవచ్చు. ఇదెలా సాధ్యమైందంటే, రాసిపెట్టేవాళ్లు ఉండబట్టి. ఇంగ్లండ్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన హెన్రీ చాడ్విక్ క్రికెట్ వార్తలు రాసేవాడు. క్రికెట్ స్కోరు పద్ధతినే మలచి 1859లో బేస్‌బాల్‌కు ఒక్కో ఆటగాడి లెక్క చూపే పట్టిక తయారుచేశాడు. వందేళ్లు దాటాక, 1981లో, వాంకూవర్ పక్కనే ఉన్న వైట్ రాక్ అనే ఊళ్లో అలన్ సింప్సన్ తన ఇంటి గ్యారేజీ నుంచి ఒక పత్రిక మొదలుపెట్టాడు. పెద్ద ఆటగాళ్ల గురించి కాదు, కాలేజీల్లోనూ చిన్న లీగుల్లోనూ ఆడే అనామక కుర్రాళ్ల గురించి. అదే ఇవాళ్టి బేస్‌బాల్ అమెరికా. ఎవరికీ తెలియని ఊళ్లో ఎవరికీ తెలియని కుర్రాడు ఏం చేశాడో ఏళ్ల తరబడి చదివే పాఠకులు ఆ పత్రికకు దొరికారు. కుర్రాడు పడినప్పుడు పాత లెక్క తీసి చూడొచ్చు; పోయినేడు ఏది బాగుండేదో, ఈ ఏడు ఏది తప్పిందో తెలుస్తుంది. అర్జున్‌ను మేలో ఆపి తిరిగి నిలబెట్టగలిగారంటే అలాంటి లెక్కలు చేతిలో ఉండబట్టే.

మన దగ్గరా మెట్లు లేకపోలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది, సి.కె. నాయుడు ఆ తొలి సీజన్లో మన తరఫున ఆడారు. ఆనాటి స్కోర్లు ఇవాళ్టికీ దొరుకుతాయి. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కోసం తండ్రి హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు. పిల్లవాడు కడపలోని ఆంధ్ర క్రికెట్ సంఘం అకాడమీలో పెరిగాడు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నాగాలాండ్ మీద 441 పరుగులు కొట్టాడు, ఆ సీజన్లో మొత్తం 1,237. అండర్-16 స్థాయిలో స్కోరు రాసేవారున్నారు కాబట్టి ఆ అంకెలు దేశమంతా చూసింది. ఏడేళ్లకు, 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు.

ఆ మెట్టుకు కింద ఏముంది? భీమడోలు, ఉంగుటూరు, కొల్లేటి లంక గ్రామాల్లో సంక్రాంతికి జరిగే టోర్నమెంట్లలో పదిహేనేళ్ల పిల్లవాడు ఒక్క చేత్తో మ్యాచ్ గెలిపిస్తాడు. కప్పు ఇస్తారు, ఫొటో తీస్తారు, కమిటీ వాళ్లు శాలువా కప్పుతారు. ఫలితం మర్నాడు జిల్లా పేజీలో రెండు పంక్తుల్లో వస్తుంది. ఎన్ని ఓవర్లు వేశాడు, ఎన్ని వైడ్లు వేశాడు, పోయినేటికన్నా ఏం మెరుగైంది అన్నది ఆ కాగితంతోపాటే పోతుంది. మరుసటేడు వాడు సరిగా ఆడకపోతే పని అయిపోయిందంటారు. అప్పుడు పక్కకు తీసుకెళ్లి సరిచేసే వాడూ ఉండడు, సరిచేయడానికి చూడాల్సిన లెక్కా ఉండదు. చేప పిల్లకు ఏ రోజు ఎంత మేత వేశామో పుస్తకంలో రాసుకునే నేల ఇది. ఆ శ్రద్ధ పిల్లల ఆటకు దక్కకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ సంక్రాంతికి ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల టోర్నమెంట్లు నడిపే కమిటీలకు ఒక్క మనవి. బహుమతి డబ్బులోంచి కొంత తీసి, స్కోరు రాయడం వచ్చిన కాలేజీ కుర్రాణ్నో అమ్మాయినో పెట్టుకోండి. ప్రతి మ్యాచ్ పూర్తి స్కోరు రాయించండి. ఆ పుస్తకాన్ని ఊరి గ్రంథాలయంలోనో హైస్కూల్లోనో భద్రపరచండి. వచ్చే ఏడాది మళ్లీ అదే పుస్తకంలో రాయండి.