రెండు రిపోర్టులు, ఒకే కోనసీమ: ఒకటి ఎందుకు కదిలింది, ఇంకోటి ఎందుకు ఆగింది?

ఈ ఎపిసోడ్ రెండు రిపోర్టుల కథ. రెండూ మన గోదావరి డెల్టా గురించే. ఒకటి 1844లో వచ్చింది, ఎనిమిదేళ్లలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. రెండోది 2011లో వచ్చింది. పదకొండేళ్లయ్యాక కూడా అవే మండలాల రైతులు దాదాపు అవే కష్టాలు చెప్పి మళ్లీ సార్వా వెయ్యమన్నారు. మరి తేడా ఎక్కడుంది?

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. ఈ రోజుల్లో పబ్లిక్ హెల్త్ అవనివ్వండి, తుపాను సాయం అవనివ్వండి, పల్లెల అభివృద్ధి అవనివ్వండి, పెద్ద పథకం ఉందంటే దాని వెనక కన్సల్టెంట్లు ఉంటారు. బయట నుంచి వస్తారు, ఊళ్లు తిరుగుతారు, లెక్కలు చూస్తారు, ఏది పనిచేసింది ఏది చెయ్యలేదు అని రాసిచ్చి వెళ్తారు. దీన్నే ఇవాల్యుయేషన్ అంటారు. ఇదేదో కొత్త ఉద్యోగం అనుకుంటాం గానీ, మన దగ్గర ఈ పని 1843లోనే జరిగింది.

అప్పుడు దీన్ని రాజమండ్రి జిల్లా అనేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ పాలన. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగి మీద తుపాను, ఉప్పెన. జనం చచ్చిపోయారు, బతికినవాళ్లలో చాలామంది ఊళ్లొదిలి పోయారు. 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న జిల్లా జనాభా, ఇరవై ఏళ్లలో ఆరు లక్షల లోపుకి పడిపోయింది. ఆలోచించండి, పక్కనే గోదావరి పారుతుంటే ఈ పరిస్థితి. జమీందారీలు దివాలా తీశాయి, శిస్తు రావడం లేదు.

మద్రాసు ప్రభుత్వం 1843లో హెన్రీ మాంట్‌గొమరీ అనే అధికారిని ప్రత్యేకంగా పంపింది, అసలేం జరిగిందో చూసి రమ్మని. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆయన ఇవాల్యుయేటరే. 1844లో రిపోర్ట్ ఇచ్చారు. తంజావూరు డెల్టా కావేరి నీళ్లతో పండుతోంది, ఇక్కడ గోదావరి నీళ్లు సముద్రం పాలవుతున్నాయి, దీన్ని ఇంజనీర్‌తో చూపించండి అన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ ఇంజనీరే ఆర్థర్ కాటన్. ఆయన 1844లో ఒక రిపోర్టు, 1845లో ఇంకో రిపోర్టు ఇచ్చారు. 1846లో లండన్ నుంచి అనుమతి, 1847లో పని మొదలు, 1852కి ఆనకట్ట పూర్తి. కాటన్ పక్కన నిలబడి పని నడిపించిన మన మనిషి వీణం వీరన్న. గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడెక్టు కూడా అప్పుడే కట్టి, కాలువని నది మీదుగా నగరం లంకకి, అంటే రాజోలు వైపుకి దాటించారు.

మరి కంపెనీ వాళ్లకి అంత దయ ఎక్కడిది? ఇక్కడే ఉంది అసలు సంగతి. కాటన్ రిపోర్టుల్లో జనం పడిన బాధ ఉంది, దాని పక్కనే ఆనకట్ట కడితే శిస్తు ఎంత పెరుగుతుందన్న లెక్క కూడా ఉంది. రిపోర్ట్ అడిగింది కంపెనీ, నష్టపోతున్నదీ కంపెనీయే. జనం కూడా నష్టపోయారు, ప్రాణాలే పోయాయి. కానీ ఫైలు కదలడానికి పనికొచ్చింది శిస్తు లెక్క.

ఇప్పుడు 1996కి వద్దాం. నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమని కుదిపేసింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మరుసటి ఏడాది ప్రపంచ బ్యాంకు అప్పుతో పునర్నిర్మాణ ప్రాజెక్టు వచ్చింది. ప్రాజెక్టు ముగిశాక ఏం జరిగిందో రిపోర్ట్ రాయాలన్నది బ్యాంకు రూలు. అప్పిచ్చినవాడు అడుగుతాడు కాబట్టి లెక్క చెప్పక తప్పదు.

2011 సంగతి వేరు. ఆ ఏడాది అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి మండలాల్లో రైతులు పదుల వేల ఎకరాల్లో సార్వా వెయ్యకుండా ఆపేశారు. క్రాప్ హాలిడే. దేశమంతా వార్త అయింది. వాళ్లు చెప్పిందేంటంటే: పెట్టుబడికి తగ్గ ధర రావట్లేదు, కూలీలు దొరకట్లేదు, వానొస్తే చేలో నీళ్లు దిగట్లేదు. ఆ మూడోది కోనసీమ ప్రత్యేకం. నేల పల్లం, చుట్టూ నదీపాయలు, కింద సముద్రం. డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుంటుంది, మొగల దగ్గర ఇసుక మేట వేస్తుంది, ఆటు పోట్లకి నీళ్లు వెనక్కి తంతాయి. ఇక కాలువల్లో రిపేర్లు చెయ్యాలంటే దాళ్వా అయ్యాక నీళ్లు కట్టేసే కొన్ని వారాలే టైమ్. ఆ వేసవి జారిపోతే ఇంకో ఏడాది ఆగాలి.

ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. కమిటీ పరిశీలించింది, రిపోర్ట్ ఇచ్చింది. 2022 జూన్‌లో కోనసీమ రైతులు మళ్లీ క్రాప్ హాలిడే అన్నారు. అమ్మిన ధాన్యానికి డబ్బులు పడలేదన్నారు. డ్రెయిన్లు బాగుపడలేదన్నారు.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని టికెట్ రీఓపెన్ అంటాం. కాకపోతే అక్కడ టికెట్ ఎవరి పేరు మీద ఉందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఇక్కడ కనిపించదు. 1844లో నష్టం అడిగినవాడి ఖజానాలో ఉంది. 2011లో నష్టం రైతు ఇంట్లో ఉంది, కౌలు రైతు ఇంట్లో ఇంకా ఎక్కువ ఉంది. రిపోర్ట్ అడిగినవాళ్లకి ఆ నష్టం తగల్లేదు.

ఇది కన్సల్టెంట్ల తప్పని నేను అనట్లేదు. ఏ ప్రశ్నలు అడగాలో నియమించినవాళ్లే రాసిస్తారు. ఇవాల్యుయేషన్‌కి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన కొలతలు ఆరు: అవసరానికి తగ్గట్టు ఉందా, మిగతా పనులతో పొసిగిందా, అనుకున్నది సాధించిందా, ఖర్చు సరిగా పెట్టారా, మార్పు వచ్చిందా, ఆ మార్పు నిలుస్తుందా. మంచి ప్రశ్నలే. కానీ అన్నీ పథకాన్ని అడిగేవి. రిపోర్ట్ అందుకున్నవాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నది ఆ ఆరింటిలో లేదు.

ఆ ప్రశ్న అడిగే పద్ధతులు వేరే చోట ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి సంస్థల్లో ఒక్కో సిఫార్సుకి మేనేజ్‌మెంట్ రాతపూర్వకంగా జవాబివ్వాలన్న నియమం ఉంది. మన దేశంలోనూ 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం, ఆ చట్టం కింద వేసిన కమిషన్ రిపోర్ట్‌ని, తీసుకున్న చర్యల వివరాలతో కలిపి ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలి. మామూలు కమిటీలకి ఆ రూలు లేదు. జీవోతో పుట్టిన కమిటీ రిపోర్ట్ బీరువాలోకి వెళ్లిపోయినా అడిగేవాడు ఉండడు.

కాబట్టి ఆ అడిగేవాళ్లం మనమే అవ్వాలి. మీ ఊరికి ఏ కమిటీ వచ్చినా, ఏ సర్వే టీమ్ వచ్చినా పేరు, తారీఖు రాసిపెట్టుకోండి. సమాచార హక్కు చట్టం కింద రెండు ముక్కలు అడగండి: రిపోర్ట్ కాపీ ఇవ్వండి, ఒక్కో సిఫార్సు మీద ఏం చేశారో చెప్పండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చినా, రాకపోయినా కామెంట్స్‌లో పెట్టండి, మండలాల వారీగా ఒక లిస్ట్ చేద్దాం. పొలం చేసే మీ నాన్నగారికో, బాబాయికో ఈ వీడియో ఒకసారి చూపించండి. ఉంటానండీ.