ఆఖరి వంద గజాలు

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు కింద మేం నలుగురం కలిసి పడవని మోసే బండి ఒకటి చేశాం. పాత స్కూటర్ చక్రాలు రెండు, వెల్డింగ్ షాపులో అతికించిన ఇనప ఫ్రేము, ముందొక లాగుడు కడ్డీ. కాలేజీ సిమెంటు నేలమీద ముచ్చటగా దొర్లింది, మార్కులూ బాగానే పడ్డాయి. ఆ ఉత్సాహంలో దాన్ని కళింగపట్నం దగ్గరి ఓ పల్లెకి పట్టుకెళ్ళి ఒక ఫైబర్ తెప్పని ఎక్కించాం. పది అడుగులు కదల్లేదు, చక్రాలు ఇరుసుదాకా ఇసకలో దిగబడ్డాయి. తెప్పని దించి, బండిని తవ్వి తీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అంతా చూస్తూ కూచున్న ఒక పెద్దాయన, "బండి బాగుంది బాబూ, రోడ్డు మీదికి అట్టుకెల్లిపోండి" అన్నాడు.

వెక్కిరించాడనుకున్నాను. ఈ తీరం పడవల గురించి చదవడం మొదలెట్టాక తెలిసింది, ఆయన మొత్తం సమస్యని ఒక్క ముక్కలో చెప్పేశాడని. మన దగ్గర పడవ ఎలా ఉండాలో సముద్రం సగమే చెప్పింది. మిగతా సగం ఒడ్డు చెప్పింది.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి 28. చాలాచోట్ల పడవని కట్టేయడానికి రేవంటూ లేదు. కెరటాలు విరిగే చోటు దాటి, ఇసకెక్కి, పోటు అందని చోటుకి పడవ రావాలి. ఈ ఆఖరి వంద గజాల బరువు ఎవరు మోస్తారు? వేటకి వాడిన ప్రతి పడవా ఈ ప్రశ్నకి ఒక జవాబే.

పాత జవాబు తెప్ప. తేలికైన దుంగల్ని తాళ్ళతో కడితే తెప్ప, విప్పితే మళ్ళీ దుంగలు. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని భుజాన వేసుకుని పైకి తెచ్చి ఎండలో ఆరబెట్టేవారు. నీళ్ళు పీల్చిన చెక్క ఆరితేనే కదా మర్నాటికి తేలికయ్యేది! సాఫ్ట్‌వేర్లో మేం పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టి దానికో పేరు పెట్టుకుని మురిసిపోతాం. జాలర్లు ఆ పని రోజూ పొద్దున్నే చేసేవారు, పేరేమీ పెట్టలేదు.

రెండో జవాబు కుట్టుపడవ. ఇంగ్లీషువాళ్ళు మసూలా బోటు అన్నారు. పలకలకి అంచుల్లో బెజ్జాలు పెట్టి కొబ్బరితాడుతో కుట్టేస్తారు, లోపల ఆకు బద్దలుండవు. కెరటం విసిరి ఒడ్డుకి కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది, ఇది వంగి ఊరుకుంటుంది. కళింగపట్నం, బారువ రేవుల్లో ఓడలు దూరంగా లంగరేసుకుంటే, సరుకుని కెరటాల మీదుగా చేరవేసింది ఇలాంటి పడవలే. మద్రాసులో హార్బరు కట్టకముందు దొరలైనా వీటిలోనే దిగేవారు. ఒడ్డున మాత్రం దీన్ని విప్పలేం. తాళ్ళు కట్టి, కర్రలు భుజాలకెత్తుకుని పదిమందీ పట్టాలి. అంటే పడవకి చక్రాలు ఊళ్ళో మనుషులే.

తర్వాత దుంగలు ప్రియమయ్యాయి. ఫైబర్ వచ్చింది, వెనక ఇంజను వచ్చింది. వేట దూరం పెరిగింది. కానీ ఫైబర్ తెప్ప దుంగల్లా విడిపోదు, కుట్టుపడవలా వంగదు, దానికి తోడు ఇంజను బరువు. సముద్రంలో తగ్గిన కష్టం ఒడ్డుమీదికొచ్చి కూచుంది. దీన్ని ఎవరూ గమనించలేదనుకోకండి. ఎఫ్ఏఓ వాళ్ళు 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం, నేరుగా ఇసకెక్కే పడవల మీద, వాటిని పైకి లాగే సాధనాల మీద పనిచేసింది. 1980లలో మన ఉప్పాడలో అలాంటి పడవలతో వేట చేసి చూశారు కూడా. చక్రం కనిపెట్టి వేల ఏళ్ళయినా, ఇసకలో పడవని లాగడం నిపుణులు కూచుని ఆలోచించాల్సిన సమస్యగానే మిగిలింది.

ఈలోగా లాగే మనుషులు వెళ్ళిపోయారు. ఈ రెండు జిల్లాల కుర్రాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కి బోట్ల మీద కూలికి పోతారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కినవాళ్ళు వీళ్ళలోవాళ్ళే. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 'తండేల్' సినిమాకి మూలం ఆ కథే. ఆ వార్తలన్నిట్లోనూ ఒక మాట మళ్ళీ మళ్ళీ వినబడింది: ఇక్కడ జెట్టీ ఉంటే అంతదూరం ఎందుకు పోతాం? రేవు లేక మనుషులు పోయారు. మనుషులు పోయాక రేవు లేని ఒడ్డు ఇంకా కష్టమైంది.

మొన్న సంక్రాంతికి అదే పల్లెకి వెళ్ళాను. ఒడ్డున ఒక బండి కనిపించింది. వంకరటింకర ఇనప గొట్టాలు, అటు రెండు ఇటు రెండు పాత కారు టైర్లు, జంటగా బిగించినవి. టైర్లు మెత్తగా ఉన్నాయి, పంచరేమో అనుకున్నాను. కాదు, కావాలనే గాలి తీశారు. టైరు నేలమీద పెట్టే ఒత్తిడి సుమారుగా దాన్లో ఉన్న గాలి ఒత్తిడంత. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, ఇసక దిగబడదు. బేరింగుల్ని ఉప్పు తినేస్తుంది గనక వాటి బదులు గొట్టంలో గొట్టం దూర్చి గ్రీజు పూశారు. ఇంజను బరువు వెనక ఉంటుంది గనక ఇరుసుని నడిమికంటే వెనక్కి జరిపారు. మా ప్రాజెక్టు రిపోర్టులో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

నలుగురు పట్టారు, తెప్ప పైకొచ్చేసింది. నలుగురిలో అరవై దాటనివాళ్ళు ఒక్కరూ లేరు. బండి చేయించినాయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ వెరావల్లోనే. ఫోటో తీసుకుంటూ, దీన్ని ఇంకా బాగుచెయ్యొచ్చని, కొలతలు పంపితే బొమ్మ గీసిస్తానని చెప్పాను. ఆయన టైరు మీద చెయ్యేసి నవ్వాడు.

"మా గుంటలు ఇంటికాడుంటే ఈ బండితో పనేటుంది బాబూ" అన్నాడు.