సతో: ఒక జపాను ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరములు

పైతరగతి విద్యార్థులకు జపాను దేశచరిత్రమును బోధించుచుండగా నొకనా డొక బాలుడు లేచి యిట్లడిగెను: “అయ్యా! 1957 మొదలు 1960 వరకు ప్రధానమంత్రిగా నుండిన కిషి నొబుసుకెయు, 1964 మొదలు 1972 వరకు ఆ పదవియందుండిన సతో ఎయిసాకుయు తోడబుట్టినవారని చెప్పితిరి. ఒక తల్లిదండ్రుల బిడ్డలకు ఇంటిపేర్లు వేఱగు టెట్లు?” నే నప్పుడు తగిన సమాధానము చెప్పజాలక, “రేపు చూతము” అని తప్పించుకొంటిని. మా వృత్తిలో నీ “రేపు” అను మాట యెంత యక్కఱకు వచ్చునో తోడి యుపాధ్యాయు లెఱుగుదురు. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దాని వెంట బోగా, ఒక్క ఇంటిపేరు చుట్టును పదుమూడు వందల యేండ్లకు మించిన చరిత్రము పెనగొనియున్నట్లు తెలియవచ్చినది.

జపానీయులును మనవలెనే ఇంటిపేరును ముందును, పెట్టిన పేరును పిదపను చెప్పుకొందురు. మన పత్రికలలో “సాటో” అని యచ్చుపడు పేరును వారు పలుకునది “సతో” అని. మొదటి యచ్చు హ్రస్వము, తుది యచ్చు దీర్ఘము, నడుమనున్నది దంత్యమగు తకారము. ఆ దేశమున నన్నిటికంటె నెక్కువమందికి గల యింటిపేరిదియే. నూటికి ఒకటిన్నరవంతున, ఇంచుమించు 18 లక్షలమంది సతో లున్నారు.

ఈ పేరును రెండక్షరములతో వ్రాయుదురు. మొదటిదానికి సహాయమని యర్థము. రెండవది, ఊదారంగు పూలగుత్తులు జాలువాఱ వ్రేలాడు నొక తీగకు పేరు. జపాను లిపిలో నొకే యక్షరమునకు దేశ్యమగు నుచ్చారణ మొకటియు, చీనానుండి వచ్చిన యుచ్చారణ మొకటియు నుండును. మన మొకదానినే చెట్టనియు వృక్షమనియు చెప్పుకొనుచున్నాము గదా, ఇంచుమించు అట్టిదే. ఆ తీగ దేశ్యమున “ఫుజి”, చీనాపలుకున “తో”. అయితే రెండర్థములను గలిపి “సహాయపు తీగ” యనుకొన్నచో నేమియు తేలదు. ఇందొక వినోదము కలదు. చక్కెరకును జపాను భాషలో “సతో” యనియే పేరు, స్వరభేదము మాత్రమే వేఱు. ఆ చక్కెరను వ్రాయు నక్షరములలో మొదటిదానికి ఇసుక యని యర్థము. సంస్కృతమున శర్కర యనగా గులకఱాయియు, పంచదారయు గదా! ఇంటిపేరునకు చక్కెరతో సంబంధ మేమియు లేదు.

సంబంధము కలది ఆ తీగతోనే. 645లో రాజ్యవ్యవస్థను సంస్కరించుటకు తోడ్పడిన నకతోమి కమతారి యను మంత్రికి, 669లో నాతడు మరణశయ్యపై నుండగా, తెంజి చక్రవర్తి “ఫుజివర” యను వంశనామమును ప్రసాదించెను. ఇచ్చిన చక్రవర్తికి మాత్రము ఇంటిపేరు లేదు. ఆనాడును లేదు, నేడును లేదు. అందఱకు పేర్లిచ్చువానికి పేరుతో బనియేమి?

ఆ ఫుజివర వంశము తన కన్యలను చక్రవర్తుల కిచ్చి, వారి బిడ్డలకు మాతామహస్థానమున నుండి రాజ్యమును నడపెను. మిచినగ (966–1028) కాలమున వారి ప్రాభవ మాకాశము నంటెను. ఆస్థానమున నెటుచూచినను ఫుజివరలే. పిలిచిన నెవ్వడు పలుకవలెను? అందుచే శాఖలవారు తమ యుద్యోగముయొక్కయో, తామేలిన సీమయొక్కయో పేరునుండి యొక యక్షరము గైకొని, దానికి “తో” చేర్చుకొనిరి. ఇసె సీమవారు ఇతో, కగ సీమవారు కతో యైరి. ఇసె దేవాలయమున నుండు రాజకన్యక కొలువును జూచు నధికారి సంతతివారు సయితో యైరి. సతో కూడ నీ తెగలోనిదే. 940లో తయిర మసకదో తిరుగుబాటు నణచిన ఫుజివర హిదెసతో సంతతివాడొకడు రాజధానిలో ఎడమద్వారపు రక్షకభటులలో అధికారిగా నుండెననియు, ఆ యుద్యోగనామపు మొదటి యక్షరమే “స” యనియు నొక మతము. సనొ యను స్థలమునుండి వచ్చిన దని మఱియొక మతము. సదొ ద్వీపమునుండి యని వేఱొక మతము. నాకు మొదటిదే నచ్చినది.

ఈ వంశమున బుట్టినవారిలో నిద్దఱు ముగ్గురిని జపానీయులు మఱువలేదు. సతో నొరికియొ (1118–1190) యౌవనముననే విల్లమ్ములను విడిచి సన్న్యసించి, సయిగ్యో యను పేర మహాకవి యయ్యెను. అనగా ఈ యింటిపేరువారిలో మిక్కిలి ప్రసిద్ధుడు దానిని త్యజించినవాడే. ఈశాన్యమున షినొబు సీమనేలిన సతోలలో త్సుగునొబు, తదనొబు అను సోదరులు మినమొతొ యొషిత్సునెకు అనుచరులు. 1185లో యషిమ యుద్ధమున ప్రభువునకు గుఱిపెట్టిన బాణమునకు త్సుగునొబు తానడ్డువచ్చి ప్రాణము విడిచెనని కథ. నేటికిని అకిత మొదలగు ఈశాన్యమండలములలో సతోలు మిక్కుటము.

ఐనను 18 లక్షలమందియు హిదెసతో బిడ్డలని నమ్మరాదు. తొకుగవ ప్రభుత్వకాలమున ఇంటిపేరు చెప్పుకొనుటయు, కత్తి ధరించుటయు క్షత్రియుల హక్కులు. సేద్యగాండ్రకును, వర్తకులకును ఇంట వాడుకలో పేరున్నను దానిని సర్కారు కాగితమున వ్రాసికొను నధికారము లేదు. 1870లో నూతనప్రభుత్వము ఎల్లరును పేరు పెట్టుకొనవచ్చునని ప్రకటించెను. జనులు త్వరపడలేదు. పేరడుగువాడు పన్నడుగునని యనుమానించిరి కాబోలు! 1873లో నిర్బంధ సైనికసేవ వచ్చెను. ఎవ్వ డెవ్వడో తెలియనిచో పటాలమున జేర్చుకొను టెట్లు? సైనికశాఖ పట్టుపట్టగా 1875 ఫిబ్రవరిలో ఇంటిపేరు పెట్టుకొని తీరవలెనని శాసించిరి. పూర్వపుపేరు గలవారు దానిని బయటపెట్టిరి. లేనివారిలో కొందఱు పొలమును, ఏటిని, కొండను బట్టి పేరు గల్పించుకొనిరి. కొందఱు తమ సీమలో పేరుగన్న వంశముల పేళ్లనే గ్రహించిరి. మహావంశపు గుఱుతుగా బుట్టిన పేరు ఇట్లు కూలివాని గుడిసెలోనికి వచ్చెను. ఇందు నాకు తప్పేమియు తోచదు.

ఇక స్త్రీల మాట. భార్య భర్త యింటిపేరునే ధరించుట జపానున సనాతనాచారమని వాదించువారు నేటికిని గలరు. కాని 1876లో ప్రభుత్వమే, పెండ్లియైన స్త్రీ తన పుట్టినింటి పేరునే వాడవలెనని యుత్తరువు చేసెను! 1898 నాటి పౌరస్మృతిలో గాని భార్య భర్త యింటిపేరును ధరింపవలెనను నిబంధనము చేరలేదు. అనగా ఈ సనాతనత్వమునకు నూఱున్నర యేండ్లయినను నిండలేదు. మన దేశమున ననాదియని చెప్పబడు నాచారములను గూర్చియు నిట్లే తేదీ లడిగినచో బాగుండును. 1947లో సవరింపబడిన స్మృతి, దంపతులు భర్తపేరునో భార్యపేరునో యేదో యొక్కటి గైకొనవలె నన్నది. మాటకు సమానతయే. ఆచరణమున నూటికి తొంబదియైదు జంటలు భర్తపేరునే గైకొనుచున్నారు. ఎవరిపేరు వారుంచుకొనుటకు వీలీయవలెనని 1996లో న్యాయశాసన పరిషత్తు సూచించెను. పెక్కేండ్లు గడచినను అది శాసనము కాలేదు. 2015లోను, 2021లోను ఉన్నతమ న్యాయస్థానము పాతవిధి రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పు చెప్పెను. ఏండ్లకొలది తమపేర గ్రంథములు వ్రాసి, వైద్యము చేసి, పేరుపొందిన స్త్రీలు వివాహమైన మఱునాడు కాగితములపై మఱియొకరగుచున్నారు. 2024లో తొహొకు విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకడు, ప్రతి వివాహమున నొక పేరు నశించుట యిట్లే సాగినచో 2531 నాటికి జపానీయులందఱును సతోలే యగుదురని లెక్కగట్టెను. అది జోస్యము గాదు, హెచ్చరికగా వేసిన గణితము.

మఱి బాలుని ప్రశ్న? జపానున ఇంటిపేరు రక్తమునకు గాక యింటికి జెందినది. మగబిడ్డలు లేని యింటివారు అల్లుని దత్తు చేసికొని తమ పేరిత్తురు. మనవైపు ఇల్లరికము వచ్చినవాడు సాధారణముగా తన యింటిపేరును విడువడు, అచ్చట విడుచును. ఆ సోదరుల తండ్రి కిషి వారింట బుట్టి, పెండ్లితో సతో వారింటికి దత్తు వచ్చినవాడు. అతని కుమారులలో నొబుసుకె, తండ్రి పుట్టిన కిషి యింటికి మఱల దత్తు పోయెను. ఎయిసాకు సతోగానే యుండెను. 1974లో శాంతికై నోబెలు బహుమానమును బొందినది ఆ పేరుతోనే.

ఈ సంగతి తరగతిలో చెప్పగా, అడిగిన బాలుడు తృప్తిపడి కూర్చుండెను. వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, “అట్లయిన వారి తల్లికో, అయ్యా?” అనెను. ఆమె పుట్టినప్పుడును సతోయే, పెండ్లియైన పిదపను సతోయే, మాఱినవాడు భర్త యని చెప్పితిని. ఆ పిల్ల దానిని తన పుస్తకమున వ్రాసికొనెను.