రాక్షసగుళ్ళు, పాండవగుళ్ళు

నాలుగు పలకరాళ్ళను నిలువుగా నాటి, వాటిపై ఒక పెద్ద బండను కప్పి, చుట్టూ గుండ్రాళ్ళను వలయంగా పేర్చిన కట్టడాలు దక్షిణాదిన కొండల అంచులలో అనేకం. తెలుగువారు వీటిని రాక్షసగుళ్ళనీ, పాండవగుళ్ళనీ అన్నారు. అంతటి బండలను మామూలు మనుషులు ఎత్తగలరా అన్నదే ఆ పేర్ల వెనుకనున్న ఆశ్చర్యం. నిజానికివి గుళ్ళు కావు. ఇనుపయుగపు ప్రజల సమాధులు.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. తిరుప్పత్తూరు తాలూకా పైయంపల్లిలో భారత పురావస్తు శాఖ 1964-65, 1967-68 సంవత్సరాలలో తవ్వకాలు జరిపింది. అడుగు పొరలో నునుపు చేసిన రాతిగొడ్డళ్ళు వాడిన నవీన శిలాయుగపు ఊరు, దానిపై ఇనుము నెరిగిన బృహచ్ఛిలాయుగపు ఊరు బయటపడ్డాయి. ఉలవలు, పెసలు కూడా దొరికాయి. ఆ గింజలు నేటికీ మన వంటింట ఉన్నవే కదా!

ఈ తరహా సమాధులలో తరచు పూర్తి అస్థిపంజరం ఉండదు; ఏరి తెచ్చిన కొన్ని ఎముకలు మాత్రమే ఉంటాయి. పక్కనే ఇనుప కత్తులు, బల్లెపు మొనలు, కుండలు. ఆ కుండలు లోపల, అంచున నలుపు, వెలుపల ఎరుపు. బోర్లించి కాల్చినందున గాలి సోకనిచోట నల్లబడ్డాయని పండితుల అభిప్రాయం. కొన్ని సమాధుల పలకరాతికి గుండ్రని రంధ్రముంటుంది. చనిపోయినవారికి ఆయుధము, అన్నపాత్ర తోడు పంపినవారు మరణాన్ని ముగింపుగా భావించలేదని ఊహించవచ్చు.

జపాను దేశంలో క్రీ.శ. 3వ శతాబ్ది మొదలు 7వ శతాబ్ది వరకు ప్రభువులకు మట్టిదిబ్బ సమాధులు కట్టారు. వాటికి కోఫున్ అని పేరు. సకాయి నగరంలోని దైసెన్ దిబ్బ పొడవు 486 మీటర్లు. పైనుండి చూస్తే తాళపుచెవి దూర్చే రంధ్రంలా కనిపిస్తుంది. నింతోకు చక్రవర్తిదని చెప్పే ఆ సమాధి రాజకుటుంబ వ్యవహారాల సంస్థ సంరక్షణలో ఉంది. 2019లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన సమాధులు అంతకంటె వెయ్యేండ్లకు పైగా పూర్వం ఆరంభమైన సంప్రదాయానివి. అయితే వీటిలో ఏ రాజు పేరూ లేదు, శాసనమూ లేదు. పురావస్తు శాఖ రక్షణలోనివి కొన్నే. తక్కిన చోట్ల పలకరాళ్ళు గోడలకు, పునాదులకు తరలిపోయాయి. దుక్కిలో నాగలికి తగిలే నలుపు ఎరుపుల పెంకులే అక్కడ మిగిలిన ఆనవాలు.